నాబ్ మీద అంకె

జూన్ 3

ఇంట్లోకి కొత్త యంత్రం దిగింది. మిల్లులో కొత్త మగ్గం దిగిన రోజున దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టుకునేవాణ్ణి. మిల్లు వదిలేసినా ఆ అలవాటు నన్ను వదల్లేదు. కాబట్టి రాస్తున్నాను. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. ముందు ఒక నాబ్, దాని చుట్టూ ఒకటి నుంచి పది దాకా అంకెలు. పక్కన హెడ్‌ఫోన్లు గుచ్చుకునే రంధ్రం. వెనకనుంచి ఒకే ఒక్క వైరు కంప్యూటర్ యూఎస్‌బీలోకి పోతుంది. పేరు హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అట. పేరు పెద్దది, మనిషి చిన్నది.

తెచ్చింది మా బావమరిది. వాడికి కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. కంప్యూటర్‌కున్న రంధ్రంలో హెడ్‌ఫోన్లు పెడితే వెనకాల జుయ్‌మని ఒకటే రొదని, మౌసు కదిపితే గరగరని వాళ్ళక్క వాణ్ణి పోరగా పోరగా తెచ్చాడు. ఆవిడ పనే వినడం. స్టూడియోవాళ్ళు పుస్తకాలు చదివించి రికార్డు చేసి పంపుతారు. ఈవిడ పుస్తకం ముందు పెట్టుకుని ఆ రికార్డు వింటూ తప్పులు పడుతుంది. చదివేవాడు ఒక మాట మింగినా, పేజీ తిప్పిన చప్పుడు పడినా, పెదాలు తడుపుకున్నా ఈవిడకి దొరికిపోతాడు. నా తప్పులు పట్టీ పట్టీ చెయ్యి తిరిగిందని బావమరిది అంటాడు.

డబ్బా తగిలించి, హెడ్‌ఫోన్లు వాళ్ళక్కకి పెట్టాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఒరేయ్, ఆయన ఊపిరి పీల్చడం కూడా వినిపిస్తోందిరా!" అంది. పెళ్ళిచూపుల్లో కూడా ఆ ముఖం అంత వెలగలేదు. అప్పుడు ఎదురుగా ఉన్నది నేను కదా మరి.

"ఇక పెంచినా తగ్గించినా ఈ నాబ్‌తోనే అక్కా. కంప్యూటర్లో ఏదీ ముట్టుకోకు" అన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో వంగి చెప్పులేసుకుంటూ నాకూ ఏదో చెప్పాడు. నేలకేసి చెబితే మనిషికేం తెలుస్తుంది? తలూపాను.

నాబ్ మూడు దగ్గర ఉంది.

జూన్ 5

నాబ్ మూడు. రొద లేదట. అడగకుండానే రెండోసారి టీ వచ్చింది. ఇలాంటి డబ్బాలు ఇంకో రెండు కొనాలి.

జూన్ 9

డబ్బాలో ఒక లోపం బయటపడింది. పని మధ్యలో కంప్యూటర్‌కి ఏదైనా మెసేజ్ వస్తే చెవిలో టంగుమంటోందట. ఇవాళ నా కళ్ళముందే కుర్చీలోంచి ఎగిరిపడింది. చేతిలో పెన్ను కిందపడింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆవిడ మేడమీద బట్టలు ఆరేస్తుంటే కూర్చుని చూశాను. తెర కింద మూలలో చిన్న స్పీకర్ బొమ్మ ఉంది. నొక్కితే ఒక గీత వచ్చింది, నిండా ఉంది. టంగుమనేది కంప్యూటర్ సొంత గొంతు. పుస్తకం చదివే గొంతు డబ్బాది, దానికి నాబ్ వేరే ఉంది. రెండు యంత్రాలు, రెండు మరలు. గీతని కొంచెం వెనక్కి లాగాను. ఆవిడకి చెప్పలేదు. చెప్పి చేస్తే అది ఉపకారం కాదు, అప్పు.

జూన్ 10

"ఇవాళ టంగు తగ్గిందా?" అని అడిగాను. వంటింట్లోంచి ఏదో జవాబిచ్చింది. తలూపాను. తగ్గే ఉంటుంది. అయినా ఇంకొంచెం లాగాను.

నాబ్ మూడున్నర.

జూన్ 14

బల్ల తుడుస్తూ చూశాను. నాబ్ నాలుగు దాటింది.

ముందు పట్టించుకోలేదు. తర్వాత టీ తాగుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడకి సరిగ్గా ఈ వయసులోనే చెవుడు మొదలైంది. ముందు రేడియో పెంచారు. తర్వాత గిన్నెలు గట్టిగా పెట్టడం మొదలుపెట్టారు. ఆఖరికి పిల్లలు పలక మీద రాసి చూపిస్తే చదువుకునేవారు. ఆవిడ కూతురికి ఆవిడ ముక్కు వచ్చింది, ఆవిడ కోపం వచ్చింది. చెవులు మాత్రం రాకూడదని ఎక్కడుంది?

ఉన్నవి రెండు చెవులు, వాటిమీదే ఆవిడ బతుకు. జీతం కోసం కాదు, ఆవిడకి ఆ పనంటే ప్రాణం. నలభై ఐదు దాటాక దొరికిన పని అది. అంతకు ముందు ఇంట్లో మా అందరి మాటలూ విన్నది, ఎవరూ మెచ్చుకోలేదు. ఇప్పుడు వింటే మెచ్చుకునేవాళ్ళున్నారు.

ఊరికే కంగారు పడుతున్నానేమో. టంగు గీత ఇంకొంచెం దించాను. కనీసం ఆ దెబ్బయినా చెవులకి తగలకుండా ఉంటుంది.

జూన్ 15

నాబ్ ఐదు.

జూన్ 17

టీ కొట్టు దగ్గర డీజిల్ కలిశాడు. మా మిల్లులో జనరేటర్ నడిపేవాడు, అందుకని ఆ పేరు. సంగతి ఎవరిదో అన్నట్టుగా పిల్లి మీదా ఎలక మీదా పెట్టి అడిగాను.

"మొదట రేడియో పెంచుతారు" అన్నాడు వాడు. "తర్వాత జనమంతా గొణుగుతున్నారని తిడతారు. తర్వాత ఏం చెప్పినా..." అప్పుడే కొట్టువాడు గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. మిగతాది ఆ చప్పుడులో కలిసిపోయింది. తలూపాను.

మొదటి గుర్తు సరిపోయింది. రెండోది ఇంకా రాలేదు. ఆవిడ ఎవర్నీ గొణుగుతున్నారనదు. అనేది నేనే, అదీ నిజంగా గొణిగేవాళ్ళనే. ఈ మధ్య టీవీలో వార్తలు చదివేవాళ్ళకి కూడా నోరు తెరవడం బరువైపోయింది.

జూన్ 19

నాబ్ ఆరు.

ఇవాళ్టినుంచి ఆవిడతో కొంచెం గట్టిగా మాట్లాడుతున్నాను. పాపం, వినపడక ఎంత ఇబ్బంది పడుతోందో, పైకి చెప్పదు. విచిత్రం ఏమిటంటే, నేను గొంతు పెంచగానే ఆవిడా పెంచింది. చెవులు పోయేవాళ్ళకి తమ గొంతు తమకి తెలియదంటారు. అది మూడో గుర్తు.

సాయంత్రం మేడమీది టైలరు దిగొచ్చాడు. "ఏమైనా గొడవా సార్? అమ్మగారిని కాస్త సర్దుకుపొమ్మని చెప్పనా?" అన్నాడు. మేం పప్పు డబ్బా మూత గురించి మాట్లాడుకుంటున్నాం.

జూన్ 20

నాబ్ ఆరున్నర. గీత ఇంకొంచెం దించాను.

జూన్ 22

ఆవిడ స్నానానికి వెళ్ళింది. ఫోను మోగింది. స్టూడియో అమ్మాయి. స్పీకర్లో పెట్టి తీశాను.

"అంకుల్, ఆంటీకి మంచి వార్త. ఆ పెద్ద నవల మనకే వచ్చేసింది. ఆంటీయే వినాలని అందరం అనుకున్నాం. మూడు నెలల పని."

ఆ నవల సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు వాళ్ళమ్మ మధ్యాహ్నాలు గడపలో కూర్చుని పైకి చదివి వినిపించిందట. అప్పటికి వాళ్ళమ్మకి చెవులు బాగానే ఉన్నాయి. స్టూడియోవాళ్ళు అది చేస్తారట అని తెలిసినప్పటినుంచి ఆవిడ పాత ప్రతి వెతికి తెప్పించుకుని అట్టవేసి పెట్టుకుంది.

మూడు నెలలు. రోజంతా. నాబ్ ఏడులో.

"అమ్మా, ఒక్క మాట. నేను చెప్పానని ఆంటీకి చెప్పకు. ఆవిడకి చెవులు ఈ మధ్య బాగుండటం లేదు. ఇంత పని పెట్టుకుంటే ఉన్నవీ పోతాయి. ఈసారికి ఇంకెవరికైనా ఇచ్చేయండి. ఆవిడకి ఏదో ఒకటి చెప్పు" అన్నాను.

"అయ్యో, నిజమా అంకుల్? మేమసలు కనిపెట్టలేదు."

కనిపెట్టరు. దగ్గరుండి చూసుకునేవాడికి తెలుస్తుంది.

ఆవిడ తల తుడుచుకుంటూ వచ్చి "ఎవరండీ ఫోను?" అంది. "రాంగ్ నంబరు" అన్నాను, గట్టిగా.

జూన్ 25

పని రాలేదు. పొద్దున కంప్యూటర్ పెట్టింది, డబ్బాకి నీలం లైటు వెలిగింది, హెడ్‌ఫోన్లు మెళ్ళో వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నం దాకా అలాగే.

చెవులకి విశ్రాంతి. మంచిదే.

జూన్ 27

పని రాలేదు. మంచిదే.

జూన్ 30

తనే ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఏం చెప్పిందో కానీ "ఫర్వాలేదమ్మా, ఫర్వాలేదు" అంటూ పెట్టేసింది. నా దగ్గరికొచ్చి గట్టిగానే చెప్పింది: "నవల వేరేవాళ్ళకి ఇచ్చేశారటండీ. నా పని నచ్చలేదేమో. పోయినసారి ఏదో తప్పు వదిలేసి ఉంటాను."

పాత పనుల కాగితాలన్నీ తీసి మళ్ళీ విని సరిచూసుకోవడం మొదలుపెట్టింది. లేని తప్పు కోసం వెతుకుతోంది. మిల్లులో నేనిలాంటిది చూశాను. మంచి మగ్గాన్ని చెడిందని ఎవడో అంటాడు, దాన్ని విప్పీ విప్పీ నిజంగానే చెడగొడతారు.

నేను తేలు కుట్టిన దొంగలా పేపరు వెనక కూర్చున్నాను.

జూలై 1

చెప్పాలి.

జూలై 2

రేపు చెబుతాను.

జూలై 3

పొద్దున చెబుదామని పక్కన కూర్చుని నీళ్ళు నమిలాను. "ఏమిటి, ఒంట్లో బాగాలేదా?" అని నుదురు పట్టుకుని చూసింది. బాగాలేదన్నాను. కషాయం కాచి ఇచ్చింది. తాగాను. అదే శిక్ష అనుకున్నాను. సరిపోలేదు.

నిన్న గీత ఇంకాస్త దించాను. నాబ్ ఎనిమిది.

జూలై 5

అన్నీ ఇవాళే బయటపడ్డాయి.

బావమరిది ఊరికే వచ్చాడు. వస్తూనే డబ్బా కేసి చూశాడు. "ఎనిమిదా! అక్కా, చెవులు చిల్లులు పడవూ?" అని హెడ్‌ఫోన్లు లాక్కుని పెట్టుకున్నాడు. "ఇదేంటి, ఎనిమిదిలో కూడా ఏదో మామూలుగానే ఉందే" అన్నాడు. మౌసు పట్టుకుని తెర మూలలో నొక్కాడు. గీత దాదాపు అడుగుకి దిగిపోయి ఉంది.

"దీన్నెవరు దించారు?"

నేను గోడమీద క్యాలెండర్ చూస్తున్నాను.

"బావగారూ, ఆవేళ గుమ్మంలో మీకు చెప్పాను కదా. కంప్యూటర్లో నిండా పెట్టాను, అది ఎవర్నీ కదపనివ్వకండి, డబ్బాతోనే సరిచేసుకోవాలి అని. మీరు తలూపారు కూడా."

టంగు గురించి చెప్పాను. వాడు నుదురు కొట్టుకున్నాడు. "టంగూ ఆ వైరులోంచే, పుస్తకమూ ఆ వైరులోంచే బావగారూ. ఇక్కడ తగ్గిస్తే డబ్బాలోకి వెళ్ళేదే తగ్గిపోతుంది. మీరిక్కడ దించుతుంటే అక్క అక్కడ పెంచుకుంటూ పోయింది. అంతే."

అంతే! మగ్గం వెనక నూలు చుట్టిన బీము తనే బిగిస్తూ, ముందు బట్ట ఎందుకు లాగుతోందని బెంగపెట్టుకునేవాణ్ణి ఏమంటాం? నేనైతే వాణ్ణి మగ్గం దరిదాపులకి రానిచ్చేవాణ్ణి కాదు. ముప్ఫై ఏళ్ళు మెకానిక్కుని!

ఒక్క క్షణం నాకు సిగ్గు కూడా వెయ్యలేదు. ఆవిడ చెవులు బాగున్నాయి. ఆ ఒక్క ముక్కే తలలో తిరిగింది. పకపకా నవ్వాను. వాళ్ళిద్దరూ నవ్వారు. బావమరిది గీతని నిండా పెట్టి నాబ్‌ని మూడుకి తెచ్చాడు. ఆవిడ విని "హమ్మయ్య, ఇప్పుడు బాగుంది. డబ్బా పాడవుతోందేమోనని వీడికి చెబుదామనుకుంటున్నా" అంది.

అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. నవల ఉంది కదా.

చెప్పేశాను. ఫోను సంగతి, రాంగ్ నంబరు సంగతి, ఆ అమ్మాయితో ఏమన్నానో, అన్నీ. మంచికి పోతే చెడు ఎదురైందని చివర్లో ఒక సామెత కూడా తగిలించబోయి మానుకున్నాను. బావమరిదికి అప్పుడే కొట్లో పని గుర్తొచ్చింది.

ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. నన్ను చూసి ఏదో అంది. చాలా మెల్లగా. అలవాటుగా తల ఊపబోయి ఆగాను. ఏమందో అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

జూలై 6

మాట్లాడటం లేదు. లేక మెల్లగా మాట్లాడుతోందో.

జూలై 7

పొద్దున స్టూడియోకి నేనే వెళ్ళాను. ఆ అమ్మాయి ముందు నిలబడి, "తప్పు నాదమ్మా. ఆంటీ చెవులకి ఏమీ కాలేదు. యంత్రం నాకు అర్థం కాలేదు" అన్నాను. ఆ అమ్మాయికి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు. ఒకసారి మాట పైకి వెళ్ళాక డాక్టరు కాగితం ఉంటేనే పైవాళ్ళు ఒప్పుకుంటారంది. అదైనా త్వరగా తేవాలట, నవల దక్కిన రెండో ఆవిడ వచ్చే వారం పని మొదలుపెడుతుందట.

ఇంటికొచ్చి చెప్పాను. ఆవిడ చీర మార్చుకుని చెప్పులేసుకుంది. గుమ్మంలో ఆగి, నాకెదురుగా తిరిగి, "మీరూ రండి. మీక్కూడా చేయిద్దాం" అంది.

"నాకెందుకు?" అన్నాను.

నా చెప్పులు తెచ్చి ముందు పడేసింది.

జూలై 8

నిన్న అలసిపోయి మిగతాది రాయలేదు. ఇవాళ రాస్తున్నాను.

చెవుల డాక్టరు దగ్గర గాజు తలుపున్న చిన్న గది. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటను. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. ముందు ఆవిడ వెళ్ళింది. గాజులోంచి చూశాను. వేలు టకటకా ఆడుతోంది, కళ్ళు మూసుకునే ఉంది.

తర్వాత నేను. మొదట బుయ్‌మని కొన్ని లావుపాటి చప్పుళ్ళు వచ్చాయి. నొక్కాను. ఇంకొన్ని వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. మిగతావి ఎప్పుడు మొదలుపెడతారా అని బటను మీద వేలు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తీసి పరీక్ష చేసే పిల్ల "అయిపోయిందండీ, రండి" అంది.

"ఇంకా మొదలే కాలేదుగా?" అన్నాను.

ఆ పిల్ల ఆవిడ కేసి చూసింది.

డాక్టరు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాడు. ఆవిడ గీత బల్లపరుపుగా ఉంది. నాది సగం దాకా వచ్చి మెట్ల మీంచి జారిపడింది. పిట్టల కూతలు, కుక్కర్ ఈల, ఆడవాళ్ళ మాటల్లో సగం నాకు అందటం లేదట. మిల్లులో ఎన్నాళ్ళు చేశారని అడిగాడు.

"దూది పెట్టుకునేవాణ్ణండీ" అన్నాను.

"దూది చలికి పనికొస్తుంది" అన్నాడు ఆయన.

దారిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. రోడ్డు దాటడానికని అనుకున్నాను. దాటాక కూడా వదల్లేదు.

జూలై 10

నవల వచ్చింది. ఆవిడకే. కాగితం చూసి ఆ అమ్మాయి నిన్ననే మొదటి అధ్యాయం పంపించింది.

ఇవాళ పొద్దున పని మొదలుపెట్టబోతూ నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి తన హెడ్‌ఫోన్లు నాకు పెట్టింది. నాబ్ మూడులో ఉంది. ఎవరో దుప్పటి కింద పడుకుని చదువుతున్నట్టుంది. ఆవిడ నా ముఖం చూస్తూ మెల్లగా తిప్పింది. నాలుగు, ఐదు. ఆరు దాటాక మాటలు విడివిడిగా నిలబడ్డాయి. ఏడు దగ్గర చదివే ఆయన ఊపిరి పీల్చాడు. నేను చెయ్యెత్తాను. ఆవిడ అక్కడ ఆపింది. ఇద్దరం ఆ అంకె చూశాం. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసుకుని, మళ్ళీ మూడుకి తిప్పి, పనిలో పడింది.

సాయంత్రం టీ తెచ్చి నా పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది. రెండు రోజులుగా అలాగే కూర్చుంటోంది.

"చెవుల సంగతికి నాకు కోపం లేదు" అంది. "నేను మిమ్మల్ని ఒకే ఒక్కటి అడిగాను, అది మీరు చెయ్యలేదు. అదీ కోపం."

ఏమడిగిందో నాకు గుర్తు లేదు. అదే చెప్పాను.

"అమ్మకి చెవులు పోతున్నాయని ఇంట్లో అందరికీ తెలుసు, అమ్మకి తప్ప. బాధపడుతుందని ఎవరూ చెప్పలేదు. వెనకాల సైగలు చేసుకునేవాళ్ళం. తెలిశాక అమ్మ ఏడ్చింది చెవులు పోయాయని కాదు, మేం దాచామని. అమ్మ చనిపోయిన ఏడాది మీతో అన్నాను. నాకూ అలా వస్తే మీరు ఎవరితోనూ చెప్పొద్దు, ముందు నాకు చెప్పండి అని. వంటింట్లో, కూర తరుగుతూ. వెనక్కి తిరిగి చూస్తే తలూపుతున్నారు."

ఆ మాట నా దగ్గర లేదు. ఎంత వెతికినా లేదు. వినని మాట ఎక్కడ దొరుకుతుంది? ఆవిడ మాత్రం ఇన్నేళ్ళూ నేను మాటిచ్చాననుకునే బతికింది.

"మళ్ళీ చెప్పు" అన్నాను.

గ్లాసు కింద పెట్టి, నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ చెప్పింది. అరవలేదు. పెదాలు చూస్తూ ప్రతి ముక్కా విన్నాను.

"విన్నాను. ముందు నీకే చెబుతాను" అన్నాను, నోటితో.

ఆవిడ ముక్కు తుడుచుకుంది. నేనూ ఊరుకోకుండా, "మరి నా చెవుల సంగతి నీకెప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"మీరు మిల్లులో ఉండగానే."

"మరి నాకు చెప్పలేదేం?"

నవ్వాపుకోలేకపోయింది. "బాధపడతారని."

"దొందూ దొందే" అన్నాను.

"ఆ లెక్కన మీరు ఊరికే తలూపినవి ఇంకా బోలెడున్నాయి. అన్నీ గుర్తున్నాయి నాకు. మొదలుపెట్టనా?"

కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను. "మొదలుపెట్టు" అన్నాను.